కలమర కోసం విశాఖ రేవులో...

విశాఖ జాలరుల నోటి మాటలు రెండు శతాబ్దాల కిందట లండన్‌లో అచ్చయ్యాయి. అక్కణ్నుంచి ప్యారిస్ చేరి లాటిన్ పేర్లుగా మారాయి. వాటిలో కొన్ని ఇవాళ్టికీ ప్రపంచమంతటా చెలామణీలో ఉన్నాయి. కొన్ని మరుగున పడ్డాయి. అలా మరుగున పడ్డ ఓ చేప పేరు వెంట సాగిన ప్రయాణమిది.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ చూడాలంటే తెల్లవారుజామున అయిదింటికే వెళ్లాలి. ఆరు దాటిందా, సగం సందడి అయిపోయినట్టే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ గడువు ముగిసిన కొత్తల్లో అయితే కాలు పెట్టడానికి చోటుండదు. బోటు ఆగీ ఆగకముందే ఐసుపెట్టెలు దిగుతాయి. చేపలు సిమెంటు గచ్చు మీద కుప్పలు పడతాయి. కుప్పకో పాటగాడు, పాటగాడి చుట్టూ పదిమంది. వాళ్ల లెక్కలు బయటివాళ్లకు అర్థం కావు. వేలు పైకెత్తితే వంద, తల పంకిస్తే బేరం కుదిరినట్టు. కింద నీళ్లు, రక్తం, పొలుసులు. తెల్ల చెప్పులేసుకు వెళ్లేవాళ్లు ఆలోచించుకోవాలి.

వంజరం, చందువ, పార, కానాగంత... వీటికి పరిచయాలక్కర్లేదు. పెద్ద కుప్పలన్నీ వీటివే. వాటిని దాటి గోడవారకు వెళితే చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు గంపలు పెట్టుకు కూర్చుంటారు. బోట్లలో తక్కువ సంఖ్యలో వచ్చే రకాలన్నీ ఆ గంపల్లోకే చేరతాయి. మనం వెతుకుతున్న చేప దొరికితే అక్కడే దొరకాలి. ఓ గంపలో కనిపించింది కూడా. బూడిద, నలుపు కలిసిన రంగు. వీపు గూనిలా పైకి లేచి ఉంది. ముట్టె కోసుగా ఉంది. పొట్ట కింది రెక్కలో ఓ ముల్లు మాత్రం మిగతావాటికన్నా బాగా లావు. పెదవి పైకెత్తి చూస్తే ముందు మేకుల్లాంటి పళ్లు, లోపల మన దవడ పళ్లలాంటి గుండ్రటి పళ్లు వరసలు కట్టి ఉన్నాయి. నత్తగుల్లల్ని, పీతల్ని పటపట నమిలేసే పళ్లవి.

‘‘ఏటి బాబూ, పళ్లు లెక్కెడతన్నావా? కొంతావా, మానీతావా?’’ అంది గంప యజమానురాలు. పేరేమిటని అడిగితే, ‘‘పేరుతో నీకేటి పని! పులుసెట్టుకో, పేరదే తెలుస్తాది’’ అని నవ్వింది.

ఆమె నవ్వులాటకు అన్నా, పళ్లు లెక్కపెట్టడమే ఈ చేప కథలో సగం. శాస్త్రవేత్తలు రెండున్నర శతాబ్దాలుగా చేస్తున్నది అదే. ఇంగ్లిషులో దీన్ని సీబ్రీమ్ అంటారు. మన తీరంలో దొరికే ఈ రకానికి ‘పిక్‌నిక్ సీబ్రీమ్’ అని ఓ తమాషా పేరుంది. శాస్త్రీయనామం అకాంతోపాగ్రస్ బెర్డా. స్పారిడే అనే కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా నూట యాభైకి పైగా జాతులున్నాయి. మధ్యధరా తీరంలో గ్రీకులు, టర్కీవాళ్లు వలపంజరాల్లో పెంచి అమ్మే గిల్ట్‌హెడ్ బ్రీమ్ వీటిలోదే. జపాన్‌లో పెళ్లిళ్లకీ పండగలకీ తప్పనిసరిగా వడ్డించే ఎర్రటి ‘తాయ్’ కూడా ఈ ఇంటిదే. అంత పెద్ద కుటుంబంలో మన విశాఖ చేపకు ఒకప్పుడు మన పేరే ఉండేది... కలమర!

పాముల డాక్టరు పట్టిన చేపలు

ఆ పేరును కాగితం మీదికెక్కించినవాడు పాట్రిక్ రస్సెల్. స్కాట్లాండ్ డాక్టరు. ఈ పేరెక్కడో విన్నట్టుందా? రక్తపింజరిని ఇంగ్లిషులో ‘రస్సెల్స్ వైపర్’ అంటారు. ఆ రస్సెల్ ఈయనే. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ఆంగ్ల వర్తక సంస్థకు వైద్యుడిగా పనిచేశాడు. అక్కడ ప్లేగును దగ్గర్నుంచి చూసి దానిమీద పెద్ద గ్రంథమే రాశాడు. తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో పెద్ద పదవి రావడంతో 1781లో అతని వెంట ఇటొచ్చాడు. అప్పటికి వయసు యాభై దాటింది. విశ్రాంతిగా మొక్కలు చూసుకుంటూ గడపాల్సిన వయసు. మొక్కల్ని చూస్తూనే పాముల మీద పడ్డాడు.

ఏ పాము విషపుదో, ఏది కాదో తెలియక జనం భయంతోనే సగం చస్తున్నారని ఆయన బాధ. దొరికిన ప్రతి పామునీ తెప్పించి, పొలుసులు లెక్కపెట్టి, బొమ్మ గీయించి, ఇక్కడివాళ్లు ఏమంటారో అడిగి రాసుకున్నాడు. విషం తీవ్రత తెలుసుకోవడానికి కోళ్ల మీద, కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. ఆ పుస్తకం 1796లో వచ్చింది. అందులో రక్తపింజరి పేరు ‘కాటుక రేకుల పొడ’! వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఇంకో పాముకు మనవాళ్లు ‘బంగారు పాము’ అని చెబితే ఆయన తనకు వినిపించినట్టు ‘బుంగారుం పామా’ అని రాసుకున్నాడు. 1803లో ఓ ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్నిబట్టి ఆ ప్రజాతికే ‘బుంగారస్’ అని పేరు పెట్టాడు. కట్లపాములన్నీ నేటికీ శాస్త్రలోకంలో బుంగారస్‌లే. అంటే మన బంగారమే.

1785లో రస్సెల్ కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. అంతకుముందు ఆ ఉద్యోగంలో ఉన్నది యోహాన్ కోనిగ్. లిన్నేయస్ దగ్గర నేరుగా చదువుకున్నవాడు. ఆయన కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆ కుర్చీలోకి రస్సెల్ వచ్చాడన్నమాట.

పాములకు చేసిందే చేపలకూ చేశాడు. తీరానికి వచ్చిన చేపల్ని తెప్పించడం, ఇక్కడి చిత్రకారుడి చేత బొమ్మలు గీయించడం, పేరు అడిగి రాసుకోవడం. ఆ చిత్రకారుడి పేరు మాత్రం మనదాకా రాలేదు. 1789లో రస్సెల్ స్వదేశం వెళ్లిపోయాడు. 1803లో కంపెనీ ఖర్చుతోనే లండన్‌లో రెండు సంపుటాలు వెలువడ్డాయి. కోరమాండల్ తీరంలోని వైజాగపటంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలు, చిత్రాలు... ఇదీ పుస్తకం పేరు తాలూకు సారం. రెండేళ్లకే, 1805లో ఆయన పోయాడు.

ఈ పుస్తకం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. పేజీలు తిప్పుతుంటే భలే ఉంటుంది. ఇంగ్లిషు వర్ణన, దానిపైన తెలుగు పేరు. తోల్ పారా, జెల్లో, కీల్‌పుటా, వాలగూ, పాలాసా, పండూమీనూ, చిచ్చిల్లీ, కలమరా... తెల్లదొర చెవికి తెలుగు ఎలా వినపడిందో అలాగే దిగింది. కొన్ని ఇట్టే తెలిసిపోతాయి. ‘పాలాసా’ అంటే ఇంకేముంది, పులస! ‘తోల్ పారా’ తోలుపార. ‘వాలగూ’ వాలుగ. ‘పండూమీనూ’ను మనమిప్పుడు పండుగప్ప అంటున్నాం. ఇక్కడ చిన్న చిక్కు. ఇంగ్లిషు అక్షరాలకు హ్రస్వమూ దీర్ఘమూ ఒకటే, ‘ల’కూ ‘ళ’కూ తేడా లేదు. కాబట్టి కలమరో, కాలమారో, కళమరో మీ నోటికి ఏది సరిపోతే అది అనుకోండి.

మూడు కొండల ఊరు

రస్సెల్ చూసిన విశాఖ ఎలా ఉండేదో ఊహించాలంటే బీచ్ రోడ్డు వదిలి పాతపట్నం వెళ్లాలి. వన్‌టౌన్ సందుల్లోంచి పైకి చూస్తే పక్కపక్కనే మూడు గుట్టలు. ఒకదానిమీద వెంకన్న గుడి, ఒకదానిమీద దర్గా, ఇంకోదానిమీద చర్చి. ఎదురుగా కాలువకు అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. కంపెనీ వాళ్ల తొలినాటి విశాఖ ఈ చుట్టుపక్కలదే. ఆనాటి ఐరోపావాళ్ల పాత సమాధులు కూడా ఇక్కడే ఉన్నాయి.

ఇప్పుడు ఓడలు లోపలికి వెళ్లే ఆ కాలువే మన చేపకు పుట్టిల్లులాంటి చోటు. లోపలి హార్బరు 1933లో మొదలైంది. ఆ అక్టోబరులో ‘జలదుర్గ’ అనే ఓడ తొలిసారి లోపలికి వచ్చింది. అంతకుముందు అక్కడున్నది ఉప్పుటేరు, బురద, చిత్తడి. కొండల మీంచి వచ్చే గెడ్డల నీళ్లు ఓవైపు, సముద్రపు పోటు ఓవైపు. ఈ రకం బ్రీమ్‌కు కావలసింది సరిగ్గా అదే. నడిసముద్రంలో కన్నా నదులు కలిసేచోట, మడ చెట్ల వేళ్ల మధ్య, రాళ్ల సందుల్లో తిరగడం దానికిష్టం. ఉప్పు తక్కువైనా తట్టుకుంటుంది. రస్సెల్ మనుషులకు అది దొరకడానికి పడవెక్కి దూరం పోవాల్సిన పని ఉండి ఉండదు.

ఊరు మారింది. ఏరు పోయి ఓడరేవు వచ్చింది. ఆ మార్పుల్ని తట్టుకోవడం చేపకు చేతనయింది. కానీ పేరు?

అరబ్బీ మాట ముందొచ్చింది

రస్సెల్ ఓ పని చేయలేదు. తన చేపల్లో చాలావాటికి లాటిన్ పేర్లు పెట్టలేదు. జాలరుల మాటతోనే సరిపెట్టాడు. వినయమో, తొందర ఎందుకనే జాగ్రత్తో! కానీ శాస్త్ర సంప్రదాయం ప్రకారం రెండు మాటల లాటిన్ పేరు లేకపోతే ఆ జీవికి బారసాల జరగనట్టే. పేర్లులేని రెండువందల బొమ్మలు అచ్చయి కూర్చుంటే మిగతా శాస్త్రవేత్తలు ఊరుకుంటారా? అందరికన్నా ఎక్కువగా అందుకున్నవాడు ప్యారిస్‌లోని జార్జి క్యువియే. ఆ కాలానికి జంతుశాస్త్రంలో మకుటంలేని మహారాజు. ఇండియా ముఖం చూడలేదు. చూడకుండానే రస్సెల్ బొమ్మలు ముందేసుకుని 1829లో మన చేపలకు వరసగా పేర్లు పెట్టాడు. విశేషమేమిటంటే చాలాచోట్ల తెలుగు మాటనే ఉంచేశాడు.

అలా నిలిచినవి ఇప్పటికీ ఉన్నాయి. పొడవుగా, సూది పళ్లతో ఉండే ఓ బారాకుడా చేప శాస్త్రీయనామం స్ఫైరీనా జెల్లో. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా దాన్ని ఎక్కడ పట్టినా, పట్టీలో రాసేది మన విశాఖ జాలరి మాటే. ‘కీల్‌పుటా’ నుంచి టెరాపాన్ పుటా వచ్చింది. ‘తోల్ పారా’లో పార పోయి, తోలు మాత్రం మిగిలి స్కోంబరాయిడెస్ టోల్ అయింది. వీటిని చదివే జపాన్ విద్యార్థికి తాను తెలుగు పలుకుతున్నానని తెలియదు.

పులసకు ఆ అదృష్టం లేకపోయింది. క్యువియే ‘పాలాసా’ అనే పేరు పెట్టాడు కానీ, 1822లోనే గంగానది చేపల మీద రాసిన హామిల్టన్ బెంగాలీల ‘ఇలిషా’ను లాటిన్‌లోకి ఎక్కించేశాడు. ఎవరు ముందు పెడితే వాళ్లదే పేరు. అది ఈ శాస్త్రంలో రాజ్యాంగం లాంటిది. పులసప్రియులకు కష్టంగానే ఉంటుంది. ఏం చేస్తాం, ఏడేళ్ల తేడాలో బెంగాలీలు గెలిచారు.

కలమర ఓడిపోయింది మాత్రం అరబ్బులకు. క్యువియే ‘క్రైసోఫ్రిస్ కలమరా’ అని నామకరణం చేశాడు. తరువాతి పండితులు పరిశీలించి, ఇది ఎర్రసముద్రపు ‘బెర్డా’ చేపేనని తేల్చారు. బెర్డా పేరు 1775 నాటిది. యాభై నాలుగేళ్లు ముందు. అంతే, కలమరా మారుపేర్ల జాబితాలో కిందకు జారిపోయింది. రస్సెల్ పుస్తకంలోని ఇంకో బ్రీమ్, ‘చిచ్చిల్లీ’దీ అదే దారి. వెండి ఒంటిమీద బంగారు గీతలుండే ఆ చేప కూడా ఎర్రసముద్రపు ‘సర్బా’ పేరుమీదే చలామణీ అయింది.

బెర్డా, సర్బా... ఇవీ జాలరుల మాటలే. వీటిని పోగుచేసినవాడి కథ రస్సెల్ కథకన్నా విషాదం. పేరు పీటర్ ఫోర్‌స్కాల్. లిన్నేయస్ శిష్యుడు. డెన్మార్క్ రాజు 1761లో అరేబియాకు పంపిన ఆరుగురి బృందంలో ఒకడు. ఎర్రసముద్రం పొడవునా రేవుల్లో ఆగుతూ, అరబ్ జాలరుల్ని పేర్లు అడుగుతూ వెళ్లాడు. చేపను నిలువునా చీల్చి, ఓ పక్క చర్మాన్ని మొక్కల్ని ఒత్తినట్టు కాగితాల మధ్య ఒత్తి ఎండబెట్టేవాడు. 1763 జులైలో యెమెన్‌లోని యరీమ్ అనే ఊళ్లో మలేరియాతో చనిపోయాడు. ముప్పై రెండేళ్లైనా నిండని కుర్రాడు. బృందంలో ప్రాణాలతో ఇంటికి చేరింది కార్‌స్టెన్ నీబుర్ ఒక్కడే. స్నేహితుడి కాగితాలు సరిచేసి 1775లో అచ్చు వేయించింది ఆయనే. ఆ ఎండు చేప చర్మాలు నేటికీ కోపెన్‌హాగన్ మ్యూజియంలో పుస్తకంలో పెట్టిన ఆకుల్లా ఉన్నాయి.

కాబట్టి కలమర పేరు పోయిందని ఎవరినీ తిట్టడానికి లేదు. ఓ జాలరి మాటకు ఇంకో జాలరి మాట అడ్డొచ్చింది, అంతే. కానీ తీర్పు సరైందేనా? అసలు ఎర్రసముద్రం చేప, బంగాళాఖాతం చేప ఒకటేనా?

పళ్లు చెప్పిన అబద్ధం

ఈ ప్రశ్న ఎందుకొస్తుందో తెలియాలంటే బ్రీమ్ చేపలు శాస్త్రవేత్తల్ని ఎంతగా తిప్పలు పెట్టాయో తెలియాలి. 1758లో లిన్నేయస్ ‘స్పారస్’ అని ఓ పెద్ద గంప పెట్టాడు. కాస్త ఎత్తు వీపు, ముళ్ల రెక్క ఉన్న చేప కనిపిస్తే చాలు, అందులో పడేసేవాడు. ఫోర్‌స్కాల్ కూడా గురువును అనుసరించి తన బెర్డాను స్పారస్ అనే రాశాడు. తరువాతి వాళ్లు ఒక్కోటీ తీసి బయటపెడుతూ వచ్చారు. ఇప్పుడా గంపలో మిగిలింది ఒకే ఒక్క జాతి, మధ్యధరా గిల్ట్‌హెడ్.

బయటకు తీయడానికి కొలమానం పళ్లు. దవడ పళ్లున్నవి ఒకచోట, కోరలున్నవి ఒకచోట, నాచు కొరుక్కుతినడానికి ఉలిలాంటి పళ్లున్నవి ఇంకోచోట. ఇలా కుటుంబాన్ని ఉపకుటుంబాలుగా విడగొట్టారు. ఆ పనిలో తలమునకలైన వాళ్లలో దక్షిణాఫ్రికాకు చెందిన జె.ఎల్.బి. స్మిత్ ఒకరు. వృత్తి కెమిస్ట్రీ పాఠాలు చెప్పడం, పిచ్చి చేపలు. ఆ తీరంలో దాదాపు 40 రకాల బ్రీమ్‌లున్నాయి మరి! 1938లో వాటిమీద పెద్ద పరిశోధన ప్రచురించారు. అదే ఏడాది డిసెంబరులో ఈస్ట్ లండన్ మ్యూజియం నుంచి ఓ యువతి, తమ ఊళ్లో వలకు పడ్డ వింత చేప బొమ్మ గీసి ఆయనకు ఉత్తరం రాసింది. కోట్ల ఏళ్ల కిందటే అంతరించిందనుకున్న సీలకాంత్ అది. స్మిత్ పేరు మోగిపోయింది. సీలకాంత్ వెలుగులో ఆయన బ్రీమ్‌లు ఎవరికీ గుర్తులేకుండా పోయాయి.

జపాన్‌లో మసాతో అకజాకి ఇంకా లోతుకు దిగాడు. పళ్లతో ఆగక పుర్రె ఎముకలు, కండరాలు, గుడ్లు, పిల్లలు అన్నీ చూసి 1962లో భారీ గ్రంథం వెలువరించాడు. బ్రీమ్‌లతో పాటు వాటి దాయాదుల్నీ పరిశీలించాడు. విశాఖ రేవులో గులాబీ రంగులో కుప్పలు పోసి ఉండే చేపల్ని మీరు చూసే ఉంటారు. వాటినీ ‘థ్రెడ్‌ఫిన్ బ్రీమ్’ అంటారు. ఒకప్పుడు వీటినీ కలమర ఇంటివే అనుకునేవారు. ఇప్పుడు వేరుకాపురం పెట్టించారు.

ఇంతలో ఇంకో తలనొప్పి. ఈ చేపల్లో చాలావాటికి ఆడామగా స్థిరంగా ఉండవు. మన కలమర బంధువులు మొదట మగవిగా బతికి, పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. కొన్ని బ్రీమ్‌లది దీనికి తిరకాసు. వయసును బట్టి రంగు మారేవీ ఉన్నాయి.

చివరికి డీఎన్ఏ వచ్చింది. అమెరికాకు చెందిన థామస్ ఒరెల్, కెంట్ కార్పెంటర్, వాళ్ల సహచరులు 2002లో ఈ చేపల జన్యువుల్ని పోల్చి చూశారు. పళ్లను బట్టి కట్టిన ఉపకుటుంబాలు నిలబడలేదు! ఒకేలాంటి పళ్లున్నవి దగ్గరి చుట్టాలు కానక్కర్లేదని తేలింది. తిండి ఒకటైతే వేర్వేరు కొమ్మల్లోనూ అవే పళ్లు మళ్లీ మళ్లీ పుట్టుకొచ్చాయి. గుల్లలు నమిలేవాటికల్లా దవడ పళ్లే కదా! అంతేకాదు, ఇన్నాళ్లూ పక్కింటివాళ్లనుకున్న పికరెల్ చేపలు నిజానికి ఈ ఇంట్లోవేనని బయటపడింది. పళ్లు లెక్కపెట్టడమూ ఒక్కోసారి మోసం చేస్తుందన్నమాట.

బెర్డా ఒకటి కాదు

ఇక మన చేప దగ్గరికి వద్దాం. జపాన్ దక్షిణాన మియాజాకి విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి యుకియో ఇవాత్సుకి ఈ అకాంతోపాగ్రస్‌ల వెంటే ఏళ్ల తరబడి తిరిగారు. న్యూ కాలెడోనియాలో దొరికిన ఓ కొత్త జాతికి 2006లో, సహచరులతో కలిసి, పెద్దాయన అకజాకి పేరు పెట్టింది కూడా ఆయనే. ఆయన పద్ధతి వినడానికి విసుగ్గా ఉంటుంది. వీపు ముల్లు మొదలు నుంచి ఒంటి పక్కన సాగే గీత దాకా ఎన్ని వరసల పొలుసులున్నాయి? మూడున్నరా, నాలుగున్నరా? అవును, ఆ అర పొలుసు దగ్గరే జాతులు విడిపోతాయి. దేశదేశాల మ్యూజియాల్లో సీసాల్లో ఉన్న చేపల్ని తీసి, ఒక్కోదానికీ ఇలా లెక్కపెట్టాలి.

తూర్పు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఒకే బెర్డా ఉందని వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాలన్నీ చెప్పాయి. 2010లో ఇవాత్సుకి, మరిద్దరూ కలిసి పశ్చిమ పసిఫిక్‌లో ఉన్నది బెర్డా కాదని, వేరే జాతి అని తేల్చి ‘పసిఫికస్’ అని పేరు పెట్టారు. మన ఎగువ బంగాళాఖాతం వైపు చూస్తే, హామిల్టన్ 1822లో గంగ ముఖద్వారాల్లోంచి తీసుకున్న ‘దత్నియా’ అనే పేరును ఇటీవలి జాబితాలు వేరే జాతిగా గుర్తిస్తున్నాయి. అంటే ఒకనాటి పెద్ద ఉమ్మడికుటుంబం కాస్తా ముక్కలవుతోంది.

2011లో జరిగింది మరీ ఆసక్తికరం. రెండు నల్ల పట్టీలుండే ఓ అందమైన బ్రీమ్ ఎర్రసముద్రంలోనూ, ఆఫ్రికా తూర్పు తీరంలోనూ దొరుకుతుంది. రెండూ ఒకటేననుకున్నారు. ఇవాత్సుకి, దక్షిణాఫ్రికాకు చెందిన ఫిలిప్ హీమ్‌స్ట్రా కలిసి రెండూ వేరని తేల్చారు. మరి రెండోదానికి కొత్త పేరు పెట్టారా? లేదు! 1801లో లసపేద్ అనే ఫ్రెంచాయన దానికి ‘కాటెన్యులా’ అని పెట్టి ఉన్నాడు. మారుపేర్ల జాబితాలో దుమ్ముకొట్టుకుపోయిన ఆ పేరును పైకి తీసి, దులిపి, మళ్లీ పట్టం కట్టారు. ముందు పెట్టినవాడిదే పేరు అన్న రాజ్యాంగం ఇలా కూడా పనిచేస్తుంది. చచ్చిపోయిన పేరంటూ ఉండదు. జాబితాలో అడుక్కి చేరిన పేరు కూడా అవకాశం వస్తే లేచి కూర్చుంటుంది.

మీకీపాటికి అర్థమై ఉంటుంది. రేపెప్పుడైనా ఓ పరిశోధకుడు విశాఖ తీరపు చేపనూ ఎర్రసముద్రపు బెర్డానూ పక్కపక్కన పెట్టి, పొలుసులు లెక్కించి, డీఎన్ఏ చూసి, ఇవి వేర్వేరు అని రుజువు చేస్తే? దానికి కొత్త పేరు వెతకనక్కర్లేదు. రాజుగారి పేరో, నాయకుడి పేరో పెట్టడానికి వీల్లేదు. ఇక్కడి చేపకు ఇక్కడి బొమ్మను ఆధారం చేసుకుని క్యువియే పెట్టిన పేరు ఒకటి 1829 నుంచీ వరసలో నిలబడి ఉంది. రెండు ఒకటేనని తేలితే మాత్రం బెర్డాయే ఖాయం.

ఎవరికి కావాలి ఈ గొడవ?

చదివేవాళ్లకు అనుమానం రావచ్చు, పులుసులో పడ్డాక బెర్డా అయితేనేం, కలమరా అయితేనేం అని. గంప యజమానురాలి మాట కూడా అదే కదా. తినేవాళ్లకు తేడా లేదు, నిజమే. పెంచేవాళ్లకుంది. పంజరాల్లో పెంచడానికి అనువైన సముద్రపు చేపల కోసం మన దేశంలోనూ వెతుకులాట సాగుతోంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖ పాండురంగాపురంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. బ్రీమ్‌ల దాయాది ఒకదాన్ని, ‘పింక్ ఇయర్ ఎంపరర్’ అనే చేపను, పొదిగించి పిల్లల్ని తీసింది ఆ కేంద్రమే. ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో బతికే బెర్డాలాంటివి ఆ పనికి బాగా పనికొస్తాయి. తల్లిచేపల్ని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి తరలించే ముందు అవి ఒకే జాతివో కాదో తెలియాలి కదా. కాకపోతే పంజరం తెగిన రోజున ఏది ఎక్కడికి పోయి దేనితో కలుస్తుందో ఎవరు చెప్పగలరు?

ఇంకోటుంది. ఏడాదికి ఎన్ని టన్నులు పట్టారు, తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అనే లెక్క పేరును బట్టే కడతారు. వంజరానికి, పండుగప్పకు సొంత గడి ఉంటుంది. చిల్లరగా వచ్చే రకాలు ఒకే పేరు కింద కలిసిపోతే, వాటిలో ఒకటి మెల్లగా మాయమైపోతున్నా లెక్కలో కనపడదు. ఏటి ముఖద్వారాలు పూడి, మడ అడవులు తరిగే తీరంలో ఇలాంటి చేపకే ముందుగా ఇబ్బంది వస్తుంది.

రస్సెల్‌ను శాస్త్రవేత్తలు మరిచిపోలేదు. ఆయన పుస్తకాన్ని పట్టుకుని చేపలకు పేర్లు పెట్టినవాళ్లు ఆయన పేరునూ వాడేశారు. డెకాప్టెరస్ రస్సెల్లి, లుట్జానస్ రస్సెల్లి, టెరాయిస్ రస్సెల్లి... మొదటిది విశాఖలో బోట్లకు బోట్లు దిగే స్కాడ్ చేప. పేర్లు చెప్పిన జాలరులకు దక్కినవి జెల్లో, పుటా, టోల్.

మీరు విశాఖ వెళితే, పాతపట్నం చూశాక భీమిలి దాకా వెళ్లండి. పాతిక కిలోమీటర్లు, దారి పొడవునా సముద్రమే. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పోటు నీరు పైకెక్కే వేళ గట్టుమీద గాలాలు వేసుకు కూర్చునేవాళ్లుంటారు. కలమర లాంటి చేపలు కోరుకునేది అలాంటి నీళ్లనే. ఎవరికైనా బూడిదరంగు ఎత్తు వీపు చేప పడితే, దాన్ని ఏమంటారో అడిగి, వాళ్లు పలికినట్టే, హ్రస్వ దీర్ఘాలతో సహా, తెలుగులోనే రాసుకోండి.